కాగితం మీద పంతొమ్మిది

మా అమ్మ నన్ను ఒకసారి కన్నది. రెండేళ్ల తర్వాతి తేదీ వేసి మా పీఈటీ సారు ఇంకోసారి కన్నాడు. మొదటి పుట్టుక చర్చి రిజిస్టర్లో ఉంది, రెండోది పదో తరగతి మెమోలో ఉంది. నా ఫుట్‌బాల్ అంతా ఆ రెండో పుట్టుక మీదే నడిచింది, దాని దగ్గరే ఆగింది. ఇదేదో ఊళ్లో ఎక్కడా లేని నేరం అన్నట్టు చెప్పడం లేదు. తొంభైల్లో ఆటలాడే పిల్లల్లో చాలామందికి రెండు వయసులుండేవి, ఇంట్లో ఒకటి, మైదానంలో ఒకటి. టీములో ఎవరిదైనా మీసం గట్టిగా మొలిస్తే, పోటీకి ముందు రోజు గీయించుకొని రమ్మని సారే గుర్తు చేసేవాడు.

నేను బడిలో ఆలస్యంగా చేరాను. ఏడో తరగతి ఒకసారి తప్పాను. ఆ లెక్కన పదో తరగతికి వచ్చేసరికి నాకు పదిహేడు. పదహారేళ్ల లోపు పిల్లల రాష్ట్ర జట్టుకు ఎంపికలు జరుగుతున్నాయని తెలిసి, బోర్డుకు పంపే జాబితాలో సారు నా పుట్టిన తేదీని రెండేళ్లు తర్వాతికి జరిపి, కాగితం మీద నన్ను పదిహేనేళ్లవాణ్ని చేశాడు. అది రాసే పని బడిలో ఆయనదే. మా క్లాసులో సగం మంది జూన్‌లోనే పుట్టారు, ఎందుకంటే తేదీ తెలియని ప్రతివాడికీ ఆయన జూన్ రాసేవాడు. అలాంటి మనిషికి రెండేళ్లు ఒక లెక్కా? రాసిన తర్వాత, హిమాయత్ సాగర్ దగ్గర ద్రాక్షతోటలో పనిచేసే మా బాపు దగ్గరికి వెళ్లి చెప్పి వచ్చాడు. "పిలగాడు పైకొస్తడు, నువ్వేం పరేషాన్ కాకు" అన్నాడట. బాపు తల ఊపాడట. సారు చెప్తే కాదనే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

జట్టులోకి వచ్చాను. మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాణ్ని. గోల్ కొట్టేవాడి పేరు అందరికీ తెలుస్తుంది, గోల్ ఆపేవాడి పేరూ తెలుస్తుంది. మధ్యలో ఉండి ఇక్కడి బంతిని అక్కడికి చేర్చేవాడు ఎవరికీ గుర్తుండడు. మైదానం మధ్యన నిలబడ్డవాడికి నాలుగు దిక్కులా మనుషులే. ఎటు తిరిగినా ఒకడు మీదికి వస్తూనే ఉంటాడు, బంతి అందేలోగా ఎటు వదిలించుకోవాలో తెలిసి ఉండాలి. నాకు అది తెలిసేది. మిగతావాళ్లు బంతి వెంట పడి ఎగిరెగిరి అలిసిపోతుంటే, నేను తల ఎత్తి చూసి మెల్లగా ఇచ్చేవాణ్ని. "గీ పిలగాని మెదడు కాళ్లల్ల ఉన్నది" అని మా సారు నలుగురిలో చెప్పుకొని మురిసిపోయేవాడు. నేనూ నమ్మాను. ఆ ఏడు జాతీయ పోటీల్లో మా పిల్లల జట్టు రెండో స్థానంలో వచ్చింది. మెడలో పతకంతో శంషాబాద్‌లో బస్సు దిగినప్పుడు నా నడకే వేరు.

ఆ పతకం చూసే గగన్‌పహాడ్‌లోని ఒక మోటారు పంపుల ఫ్యాక్టరీ వాళ్లు పిలిచారు. వాళ్లకు సిటీ లీగులో ఒక జట్టుండేది. అప్పట్లో మా దగ్గర ఫుట్‌బాల్ ఆడి బతకడమంటే అంతే. ఏదో ఒక కంపెనీలో, ఏదో ఒక డిపార్టుమెంటులో నౌకరి ఇస్తారు. పొద్దున హాజరు వేసుకొని మధ్యాహ్నం దాకా చెప్పిన పని చేయాలి, తర్వాత ఆటకు పోవాలి. ఆ జట్టు వ్యవహారాలన్నీ చూసే మేనేజరు కోస్తా వైపు మనిషి. మాట మెత్తన, సంతకం గట్టి.

నా మెమో చూసి ఆయన నవ్వాడు. "నీకింకా పదహారేళ్లే కదయ్యా. నీ సంతకం చెల్లదు. మీ నాన్నగారిని తీసుకురా" అన్నాడు.

నిజానికి నాకు పద్దెనిమిది నిండి నెల దాటింది. బాపును వెంటబెట్టుకొని వెళ్లాను. స్టాంపు కాగితం మీద ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. మేనేజరు తెలుగులో చెప్పాడు, ముందు ట్రైనీగా తీసుకుంటారు, కంపెనీ జట్టుకు తప్ప ఎవరికీ ఆడకూడదు, వదిలిపెట్టి పోకూడదు.

"ఎన్నేండ్లు సార్?" అన్నాడు బాపు.

"అబ్బాయికి పద్దెనిమిది నిండిన దగ్గర్నుంచి ఐదేళ్లండీ."

బాపు నా వైపు చూశాడు. ఆయనకు చదువు రాకపోయినా రెండేళ్లు ఎక్కువ పడుతున్నాయని అర్థమైంది. నేను చెప్తానని చూశాడు. నేను బల్ల కింద ఆయన కాలిని నా కాలితో నెట్టాను. పెట్టు, పెట్టు అని. పక్క ఊళ్లో నాకన్నా బాగా ఆడేవాడొకడు మర్నాడు వస్తాడని తెలుసు, ఆలస్యమైతే వాణ్ని తీసుకుంటారని నా భయం. బాపు తనకు వచ్చిన ఒకే ఒక్క రాత, తన పేరు, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. బయటికి వచ్చాక ఒక్క మాటే అన్నాడు. "గాయన ముంగట అబద్ధమాడినం రా." నేను వినిపించుకోలేదు, గేటు పక్కన ఎండలో ఆరేసి ఉన్న జట్టు జెర్సీలను చూస్తున్నాను.

పొద్దున ఎనిమిదికి లోపలికి పోతే, పోత పోసిన పంపు తొడుగుల అంచులను ఆకురాయితో రుద్దడం నా పని. ఇనుప రజను ముక్కులోకి, చెవుల్లోకి పోయేది. మధ్యాహ్నం పంపులు మోసే వ్యానులోనే మమ్మల్ని ఎక్కించుకొని సిటీకి తీసుకుపోయేవాళ్లు. ఆదివారాలు లీగు మ్యాచులు. మొదట్లో అదే స్వర్గం అనిపించింది. ఆ వ్యాను వెనక తలుపు తెరిచి కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే, హైవే మీద వెనక్కి పరిగెత్తే తుమ్మలు, దాబాలు, లారీలు చూస్తూ నేనొక పెద్ద ఆటగాణ్నని అనుకునేవాణ్ని. బెంగుళూరు లారీలన్నీ మా గేటు ముందు నుంచే పోయేవి. అవి ఎక్కడిదాకా పోతాయో నేనూ పోతానని ఉండేది. ట్రైనీగా రెండేళ్లు గడిచాయి. ఒప్పందంలోని ఐదేళ్లు అప్పుడు మొదలయ్యాయి. అంటే నేను ఇరవైలో ఉండగా నాకు పద్దెనిమిది నిండింది. ఆ రోజు మేనేజరు కేకు తెప్పించాడు. తినలేక తిన్నాను.

మరుసటి ఏడు సిటీలో ఒక టోర్నమెంటు జరిగింది. గోవాలోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు తరఫున ఒకాయన తెల్ల టోపీ పెట్టుకొని మెట్ల మీద కూర్చొని మూడు మ్యాచులు చూశాడు. మూడో రోజు నేను బూట్లు విప్పుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతిలో మా జట్టు జాబితా ఉంది. "పంతొమ్మిదేనా నీకు?" అని హిందీలో అడిగాడు. అవునన్నాను. గోవా రమ్మన్నాడు. అక్కడ పొద్దున వేరే పని ఉండదని, ఆటే పని అని, ఆటకే జీతమని చెప్పాడు. కంపెనీ నుంచి విడుదల చేస్తూ కాగితం తెచ్చుకుంటే చాలు, ఈ నెలాఖరుకు టికెట్ పంపుతానన్నాడు. ఆటే పని! అప్పటిదాకా అలా బతికేవాళ్లు మన దేశంలో ఉన్నారంటే విన్నాను గానీ, వాళ్లలో ఒకణ్ని అవుతాననుకోలేదు.

మర్నాడే మేనేజరు దగ్గరికి పోయాను. ఆయన చివరిదాకా ఓపికగా విన్నాడు.

"చూడవయ్యా, నిన్ను తయారు చేసింది మేము. నువ్వు పోతే మధ్యలో ఎవరున్నారు మాకు? ఇంకా నాలుగేళ్లు ఉంది. ఇరవై మూడుకి వెళ్లు, ఎవరొద్దన్నారు? అప్పటికీ కుర్రాడివే కదా!"

అప్పటికి నాకు ఇరవై అయిదు నిండుతాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఎలా చెప్పను? చెప్తే అబద్ధం బయటపడుతుంది, చెప్పకపోతే నాలుగేళ్లు ఇక్కడే. కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన నా వీపు నిమిరి టీ తెప్పించాడు. కోప్పడే మనిషైతే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ని. ప్రేమగా కాదనేవాణ్ని ఏం చేస్తాం?

ఆ నెల నేను మనిషిని కాదు. గేటు చూస్తే ఒళ్లు మండేది. వాచ్‌మన్ "ఏమన్న, మంచిగున్నవా?" అంటే వాడి మీద అరిచాను. అన్నంలో ఉప్పు తక్కువైందని అమ్మ మీద ఎగిరాను. ప్రాక్టీసులో మా స్ట్రైకర్ కాలి మీద కావాలని తొక్కాను, వాడు ఇద్దరు చెల్లెళ్ల మధ్య పెరిగిన మెత్తటి మనిషి, తిరిగి ఒక్క మాట అనలేదు. అప్పుడింకా సిగ్గేసింది. ఆకురాయి పట్టుకొని అంచులు రుద్దుతుంటే బయట లారీ హారన్లు వినిపించేవి.

దారి చూపింది మా గోల్‌కీపరు. ఆయన సాయంత్రం కాలేజీలో లా చదివేవాడు. నా గోడంతా విని, అసలు వయసూ విని, కాసేపు పెన్సిల్‌తో చెవి గోక్కున్నాడు.

"నువ్వు సంతకం నాటికి నిజంగ పద్దెనిమిది దాటినోనివైతే, మీ బాపు సంతకం నిన్ను కట్టెయ్యదు. గా కాగితం ఉత్తదే. కని వయసు బయటపడితే ఇక్కడ నిన్ను ఆడనియ్యరు. నౌకరి కూడ తీసేస్తరు. గోవావాళ్లు నువ్వే కావాలె అంటే, నీ అసలు తేదీతోని వాళ్లే అక్కడ రాయించుకుంటరు. ముందుగాల వాళ్లను అడుగు. వాళ్లు సరే అన్నంకనే ఇక్కడ నోరు విప్పు."

రుజువు కావాలి. నాకు తెలిసి నా అసలు తేదీ ఒక్కచోటే ఉంది. చర్చికి వెళ్లాను. ఆదివారాలు మ్యాచులు కావడంతో మూడేళ్లుగా నేను ఆ గుమ్మం తొక్కింది క్రిస్మసుకు మాత్రమే. పాస్టరు అయ్యగారు పాత రిజిస్టరు తీసి నా బాప్తిస్మం పేజీ వెతికాడు. ఎందుకు కావాలని అడిగితే అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"అందుకా!" అన్నాడు. "మీ బాపు మూడేండ్ల సంది సంస్కారం తీసుకుంటలేడు. నెలల మొదటి ఆదివారం రొట్టెకు అందరు లేస్తరు, ఆయన బెంచి మీదనే కూసుంటడు. అడిగితే, నా చెయ్యి మంచిగ లేదు అయ్యగారు అంటడు. చేతికి ఏమైందో అనుకున్న."

నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే గిన్నెలోది తింటూ, నాకు తెలియదు. రొట్టె అందుకోవడానికి చాచే చేతితోనే ఆ కాగితం మీద పేరు రాశాడని, ఆ తప్పు ఒప్పుకోకుండా దాన్ని మళ్లీ చాచకూడదని ఆయన లెక్క. అయ్యగారు రాసిచ్చిన సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకొని బయటికి వచ్చాను. నాకు బాధ వేసిందని రాస్తే బాగుంటుంది. ముందు కోపం వచ్చింది. నేను ఇక్కడ ఇరుక్కుపోయి ఉంటే ఈయనకు రొట్టె గొడవేంటని.

పీఈటీ సారు అప్పటికి షాద్‌నగర్‌కు బదిలీ అయి ఉన్నాడు. బస్సెక్కి పోయాను. మైదానంలో పిల్లలను వరసలో నిలబెట్టి ఈల ఊదుతున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది, విషయం విన్నాక వాడిపోయింది.

"గోవానా! నా చేతిల పెరిగినోడు గోవాకు పోతున్నడా!" అని ముందు అదే అన్నాడు. తర్వాత నన్ను పక్కకు తీసుకుపోయి, "నువ్వు పో రా, నేను అడ్డం రాను. కని నాకింక ఆరేండ్ల సర్వీసున్నది. ఎవలు మార్చిన్రని అడుగుతరు. జర నా పేరు..." అని ఆగిపోయాడు. ఈల తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

నన్ను చిన్నప్పటి నుంచి చూసిన మనిషి నా ముందు అలా నిలబడటం నేను భరించలేకపోయాను. మీ పేరు రాదు సార్ అని మాటిచ్చేశాను. మరి ఎవరి పేరు వస్తుంది? బస్సులో తిరిగి వస్తూ దారంతా అదే ఆలోచన.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. ఆయన వెంటనే, "నేనే తప్పు చెప్పిన అని రాసిస్త" అన్నాడు. "బడిల చేర్పిచ్చినప్పుడు యాది లేక గట్ల చెప్పిన అంట. మేనేజరు దగ్గరికి నేనే వస్త. సంతకం నాది, చెప్పుడు కూడ నాదే ఉండాలె." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగు చూశాను. ఇంకొకడి తప్పు నెత్తిన వేసుకొనే మనిషికి అంత సంతోషం ఏమిటో నాకు అప్పుడు అంతుపట్టలేదు. సారు వంతు అబద్ధం ఇంకా మిగిలే ఉంది కదా అని నేను అంటే, "గది సారు పాపం. నా సంతకం వరకు నేను కడుక్కుంట" అన్నాడు. అయ్యగారి దగ్గరికి పోయి ఆ మాటే చెప్పి వచ్చాడట కూడా.

శనివారం పొద్దున పదకొండుకు ఫోన్ చేయమని గోవా ఆయన చెప్పి ఉన్నాడు. శంషాబాద్ బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూతుకు ఇద్దరం వెళ్లాం. అక్కడినుంచి నేరుగా ఫ్యాక్టరీకి పోవాలని మా ఏర్పాటు. బాపు చర్చికి వేసుకునే తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకొని, గుండీలన్నీ పెట్టుకొని, బూతు బయట సోడా బండి నీడలో నిలబడ్డాడు. నేను అద్దాల తలుపు వేసుకొన్నాను. లోపల ఫ్యాను లేదు. ఎదురుగా మీటరు మీద ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి.

ఆయనే ఎత్తాడు. కాగితం సంగతి ఏమైందని అడిగాడు. వచ్చేస్తుంది సార్, ఒక్క మాట మీకు చెప్పాలి అని మొదలుపెట్టి, రెండేళ్ల సంగతి మొత్తం చెప్పేశాను. నా అసలు వయసు ఇరవై ఒకటి అని, రుజువు ఉందని, ఆ ఒప్పందం చెల్లదని, మీరు ఊ అంటే చాలునని.

ఆయనకు కోపం రాలేదు. మెల్లగా, నొప్పించకుండా చెప్పాడు. "పంతొమ్మిదేళ్ల కుర్రాడు బంతి అందగానే తొందరపడకుండా తలెత్తి చూస్తున్నాడే అని నీ దగ్గరికి వచ్చాను బేటా. ఇరవై ఒకటికి అది అందరికీ వస్తుంది. ఇరవై ఒకటి వాళ్లు నా దగ్గర నలుగురున్నారు."

నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాడు. బాగా ఆడమన్నాడు. పెట్టేశాడు.

నేను రిసీవరు పట్టుకొనే నిలబడ్డాను. అంటే ఆయనకు నచ్చింది నేను కాదు. సారు మెమోలో కన్న ఆ రెండో పిల్లవాడు. నా తెలివి అనుకొని మురిసిందంతా, నాకన్నా చిన్న పిల్లల మధ్య రెండేళ్లు పెద్దవాడిగా ఆడటమే. బూతులో ఉక్కకు చెమట కారుతోంది, తలుపు తీయాలనిపించలేదు. బయట ఇంకొకాయన ఫోను కోసం అద్దం మీద నాణెంతో కొట్టేదాకా లోపలే ఉన్నాను.

బాపు ఎదురొచ్చాడు. "ఏమన్నడు?"

"వద్దన్నడు."

"అయ్యో" అన్నాడు. నా భుజం మీద చేయి వేశాడు. "మరి ఫ్యాక్టరీకి ఇప్పుడే పోదమా, వాళ్లు బువ్వ తిన్నంక పోదమా?" అని అడిగాడు.

ఆయన సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. "ఇగ ఎందుకు బాపు?"

"ఎందుకేంది? చెప్పాలె గద. అయ్యగారికి మాటిచ్చిన. రేపు మొదటి ఆదివారం, సంస్కారం ఉన్నది."

గోవా పోయింది. ఇప్పుడీయన పోయి నిజం చెప్తే ఆ ఫ్యాక్టరీ కూడా పోతుంది. నిన్నటిదాకా నేను తెంచుకొని పారిపోవాలనుకున్న ఆ గేటు, ఆ ఆకురాయి, ఆ పంపుల వ్యాను, ఇప్పుడు నాకు మిగిలినవి అవే. "చెప్పద్దు బాపు" అన్నాను. "చెప్తే నౌకరి పోతది, ఆట పోతది. నాకిగ గదొక్కటే ఉన్నది."

"మరి ఎప్పుడు చెప్పాలె రా?"

ఆయన నిజంగానే ఒక రోజు చెప్పమని అడిగాడు. నాలుగేళ్లకని అంటే నాలుగేళ్లు ఆగేవాడు. నేను కాసేపు ఆలోచించాను, ఏ రోజూ దొరకలేదు. ఎప్పటికీ చెప్పద్దన్నాను. ఆయన వాదించలేదు. మెడ దగ్గరి గుండీ ఒకటి విప్పుకొని, "సరే, నేను తోటకు పోత" అని రోడ్డు దాటాడు.

నాలుగేళ్లు ఆడాను. తర్వాత ఓనరు మారి జట్టును మూసేశారు, నన్ను మిషన్ మీద పర్మనెంటు చేశారు. ఆ కాగితంలోనూ మెమోలోని తేదీయే వేశారు, కాబట్టి అప్పుడూ చెప్పే వీలు లేదు. ఆదివారాలు ఖాళీ అయ్యాక బాపుతో పాటే చర్చికి వెళ్లేవాణ్ని. మొదటి ఆదివారం అందరూ లేచేవారు. బాపు తన మోకాళ్లు పక్కకు జరిపి నాకు దారి ఇచ్చేవాడు. నేను ఆయనను దాటుకొని ముందుకు పోయి, రొట్టె తీసుకొని, వచ్చి మళ్లీ ఆయన పక్కనే కూర్చునేవాణ్ని. ఆయన చనిపోయేదాకా అంతే.